ఫ్లెక్సీలో మీ ఆయన, మైదానానికి తాళం

ప్రశ్న:

అక్కా, నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా ఆయన సైన్యంలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యారు. ఆరేళ్లుగా తెల్లవారుజామున ఊరి హైస్కూలు మైదానంలో పిల్లల చేత పరుగు తీయిస్తున్నారు. పైసా తీసుకోరు. మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. ఇంటర్ అయింది, అగ్నివీర్ పరీక్షకు, అంటే సైన్యంలో ఇప్పుడు ఇస్తున్న నాలుగేళ్ల కొలువు పరీక్షకు చదువుతున్నాడు.

ఇప్పుడు ఊళ్లో దీని మీదే గొడవ. మా తమ్ముడు ఒక పార్టీలో తిరుగుతాడు. 'నాలుగేళ్ల కూలికి మా పిల్లల్ని పంపం' అని పంచాయతీ చేత తీర్మానం చేయించడానికి సంతకాలు తీసుకుంటున్నాడు. జాతీయ రహదారి మీద రాస్తారోకో కూడా ఉందట. అవతలి పార్టీకి ఊళ్లో పెద్ద మా ఆయన పెదనాన్నగారి కొడుకు. మా వారు యూనిఫాంలో ఉన్న ఫొటో ఎక్కడ సంపాదించాడో, ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. పక్కన తన ఫొటో. సంతకం పెట్టినవాళ్లంతా దేశద్రోహులని మైకులో చెప్పించాడు. మాటా మాటా పెరిగి మైదానం గేటుకు తాళం పడింది. పిల్లలు రోడ్డు మీద, లారీల మధ్య పరుగెడుతున్నారు. తమ్ముడు మా గడప తొక్కడం మానేశాడు. మేనమామ ఎదురుపడితే మా అబ్బాయి మొహం తిప్పుకుంటున్నాడు. మా ఆయన మాత్రం ఎవరినీ ఏమీ అనరు.

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టాలా, వద్దా? ఎవరి పక్కన నిలబడాలి? అబ్బాయిని పంపాలా?

– ఒక తల్లి

సమాధానం:

ముందు ఆ లారీల సంగతి చూద్దాం అమ్మా. మీ బంధువుల అలకలు నెల రోజులు ఆగినా కొంప మునగదు. చీకట్లో రహదారి అంచున పరుగెత్తే పిల్లల సంగతి అలా కాదు.

బడి జిల్లా పరిషత్తుదైతే ఆ మైదానం మీ తమ్ముడి పార్టీదీ కాదు, మీ బావగారి పార్టీదీ కాదు. బడి వేళలు కాని సమయంలో దాన్ని వాడుకోవాలంటే అడగవలసింది ప్రధానోపాధ్యాయుణ్ని, తల్లిదండ్రుల కమిటీని. తాళం వేయించింది ఎవరైనా, వేసిన చేయి భయంతో వేసి ఉంటుంది. రేపు గేటు దగ్గర కొట్లాట జరిగితే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆ హెడ్మాస్టరే కదా. ఆయనకు ధైర్యం ఇచ్చే కాగితం ఒకటి మీరు తయారు చేయండి. పొద్దున ఐదు నుంచి ఆరున్నర వరకు మాత్రమే వాడుకుంటామని, జెండాలు, ఫ్లెక్సీలు, మైకులు లోపలికి రావని, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోమని, పిల్లలకు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదో కూడా అందులో రాయండి. పరుగెత్తే పిల్లల తల్లిదండ్రులు రెండు వర్గాల నుంచీ సంతకాలు పెట్టాలి. తల్లుల సంతకాలు ముందు తీసుకోండి. తండ్రుల దగ్గరికి వెళితే 'పైన ఎవరు పెట్టారు?' అని కాగితం తిప్పి చూస్తారు.

ఇక మీ తమ్ముడి తీర్మానం. దానివల్ల పథకానికి హాని లేదు, ఎవరికీ లాభమూ లేదు. సైన్యం, సైనిక భర్తీ రాజ్యాంగంలో కేంద్రం జాబితాలో ఉన్న విషయాలు. పంచాయతీ వద్దన్నంత మాత్రాన విశాఖపట్నంలోని సైనిక భర్తీ కార్యాలయం మీ ఊరి పిల్లల దరఖాస్తులు పక్కన పెట్టదు. పంజాబ్ అసెంబ్లీ అంతటిదే 2022 జూన్ 30న అగ్నిపథ్‌కు, అంటే అగ్నివీరుల్ని తీసుకునే ఈ నాలుగేళ్ల పథకానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. పథకం ఆగిందా? ఢిల్లీ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో పథకం చెల్లుతుందని చెప్పింది, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోనంది. అడ్డు చెప్పి ఆపగలిగింది నేపాల్ ఒక్కటే. భారత్, నేపాల్, బ్రిటన్ కలిసి చేసుకున్న 1947 నాటి త్రైపాక్షిక ఒప్పందానికి ఈ నాలుగేళ్ల పద్ధతి సరిపోదని 2022లో అభ్యంతరం పెట్టింది, అప్పటి నుంచి మన సైన్యంలోకి అక్కడి గోర్ఖాల కొత్త భర్తీ నిలిచిపోయింది. అది వేరే దేశం కాబట్టి సరిపోయింది. మీ ఊరు మండలాన్నే మెప్పించలేక నానా అవస్థ పడుతుంటుంది కదా!

అలాగని మీ తమ్ముడు చెప్పేదంతా పార్టీ మాట అని కొట్టేయకండి. లెక్క వేసి చూడండి, ఇంట్లో కూర్చుని, కాగితం మీద. ఈ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించారు. అగ్నివీరుడికి మొదటి ఏడాది నెలకు 30,000. చేతికి వచ్చేది 21,000, మిగతా 9,000 సేవా నిధికి, అంటే నాలుగేళ్లు నిండాక ఒకేసారి చేతికిచ్చే నిధికి వెళుతుంది. రెండో ఏడు 33,000, మూడో ఏడు 36,500, నాలుగో ఏడు 40,000. ప్రతి ఏడూ అందులో ముప్పై శాతం నిధికే. నాలుగేళ్లలో వాడి జీతం నుంచి దాదాపు 5 లక్షల 2 వేలు పోగవుతుంది. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో బయటికి వచ్చేటప్పుడు సుమారు 11 లక్షల 71 వేలు, పన్ను లేకుండా. నాలుగేళ్లలో చేతికి వచ్చిన జీతం మొత్తం కూడితే అది కూడా సుమారు 11 లక్షల 71 వేలే అవుతుంది. కాకతాళీయమే గానీ గుర్తుపెట్టుకోవడానికి తేలిక.

ఇది కూలి కాదు. ఇంటర్ చదివిన పిల్లవాడు మీ జిల్లా నుంచి బయలుదేరి విశాఖలోనో హైదరాబాదులోనో కాపలా ఉద్యోగం చేసి నాలుగేళ్లలో ఇంత మిగల్చగలడా? మీకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు. కాబట్టి 'కూలి' అన్న మాట ముందు ఆయన వెనక్కి తీసుకోవాలి. అది పరుగెత్తే పిల్లల్ని కించపరిచే మాట.

కానీ ఆ తర్వాత? నాలుగేళ్లు నిండాక సైన్యంలో ఉంచుకునేది నూటికి పాతికమంది వరకే. మిగిలినవాళ్లకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. క్యాంటీన్ కార్డూ లేదు, మాజీ సైనికుల ఆరోగ్య పథకమూ లేదు. మీ ఇంట్లో ఇవన్నీ ఉన్నాయి. మీరు నెలనెలా ఆ క్యాంటీన్ సామాను సంచి విప్పుతున్నారు. రేపు మీ అబ్బాయి తెచ్చే సంచి అలా ఉండదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో రిజర్వేషన్ ఇస్తామన్నారు, మొదట 10 శాతం అన్నారు, వయసు సడలింపూ ఇచ్చారు. బాగుంది. రిజర్వేషన్ అంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ పోటీ. నేరుగా ఉద్యోగం కాదు. తమ్ముడి మాటలో నిజం ఇక్కడుంది, ఇది చిన్న నిజం కాదు.

ఇప్పుడు ఫ్లెక్సీ కట్టినవారి దగ్గరికి వద్దాం. నాకు వీళ్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది, దాచుకోను. ఈ పథకం బాగుందనే హక్కు వాళ్లకుంది. పింఛను అడిగినవాణ్ని దేశద్రోహి అనే హక్కు ఎక్కడిది? మీ జిల్లాలో ఏ మాజీ సైనికుణ్నయినా అడగండి. ఒకే హోదా, ఒకే పింఛను కోసం ఏళ్లకేళ్లు పోరాడింది మాజీ సైనికులే. 2015లో ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర నిరాహార దీక్షలకు కూర్చున్నది పతకాలు పెట్టుకున్న ముసలి సైనికులు. వాళ్లను ఏమని పిలుస్తాడు మీ బావగారు?

ఆ ఫొటో సంగతి కూడా చెబుతాను. ఎన్నికల ప్రచారంలో సైనికుల ఫొటోలు వాడవద్దని ఎన్నికల సంఘం పార్టీలకు 2013లోనే చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తు చేసింది. ఇప్పుడు ఎన్నికలు లేవు కదా అని మీ బావగారు అనవచ్చు. ఊళ్లో ఎన్నికలు లేని రోజు ఎప్పుడుంది గనక?

2025 మే నెలలో శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా యువకుడు, అగ్నివీరుడు మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో ప్రాణం వదిలాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. అధికార పక్షం వాళ్లు వెళ్లారు, ప్రతిపక్షం వాళ్లు వెళ్లారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, పొలం, ఇంటి స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. పార్టీల తరఫున విడిగా సాయం అందింది. అందరూ చేయవలసిందే చేశారు, తప్పు పట్టను. కానీ ఆ వార్తలు చూస్తున్నప్పుడు నాకు ఒకటే తోచింది. చావును గౌరవించడంలో మన పార్టీలన్నీ ఒక్కటే. బతికి, నాలుగేళ్లు నిండి, పెట్టె పట్టుకుని ఊరి బస్టాండులో దిగేవాడికి ఏం చేద్దామన్న దగ్గరే ఎవరూ నోరు విప్పరు. అగ్నివీరుల మొదటి జట్టు 2022 చివరలోనూ 2023 మొదట్లోనూ శిక్షణలో చేరింది. వాళ్ల నాలుగేళ్లు నిండటం 2026 చివరన మొదలవుతుంది. మీ ఊరి గొడవలో అసలు సాక్షులు వాళ్లే. మైకు ఎవరి చేతిలో ఉన్నా, వాళ్లలో ఒకరిద్దరిని వెతికి మాట్లాడకుండా మీ అబ్బాయిని భర్తీ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి.

అన్నీ చెప్పాను గానీ, మీ ఉత్తరంలో నేను పదేపదే చదివిన వాక్యం వేరే ఉంది. 'మా ఆయన మాత్రం ఎవరినీ ఏమీ అనరు.' మీరు దాన్ని ఆయన మంచితనంగా రాశారు. ఆయన మంచివారే, అందులో అనుమానం లేదు. చలిలో, మంచులో, పైసా తీసుకోకుండా ఆరేళ్లు విజిల్ పట్టుకుని నిలబడటం మాటలు కాదు. అయినా ఈ గొడవ ఇంత పెరగడానికి ఆయన మౌనం కూడా ఒక కారణం అంటాను. కోపగించుకోకండి.

ఎందుకంటారా? ఊళ్లో ఈ విషయం మీద మాట్లాడే అర్హత ఉన్నది ఆయన ఒక్కరికే. మీ తమ్ముడు బూటు వేసుకుని కవాతు చేసినవాడు కాదు, మీ బావగారూ కాదు. పదిహేడేళ్లు చేసిన మనిషి నోరు మూసుకుంటే ఆ ఖాళీలోకి మైకులు వచ్చాయి. ఒకరు ఆయన ఫొటో తీసుకున్నారు, ఒకరు ఆయన శిష్యుల పేరు తీసుకున్నారు. ఆయన ఎందుకు మాట్లాడరో నేను ఊహించగలను. ఆయనకు పింఛను వస్తోంది. తాను పరుగు నేర్పే పిల్లల్లో చాలామందికి రాదు. ఐదింటికి వాళ్ల ముందు నిలబడినప్పుడల్లా ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుందేమో. 'నేను తిన్న అన్నం మీకు దొరకదు' అని పిల్లలతో అనడం తేలిక కాదు. అంటే వాళ్లు పరుగు మానేస్తారేమోనన్న భయం ఒకటి, అనకపోతే మోసం చేసినట్టవుతుందన్న బాధ ఒకటి.

ఆయనతో ఈ మాట మీరే ఎత్తాలి. రాత్రి భోజనాలయ్యాక, అబ్బాయి లేనప్పుడు. 'మీరు తమ్ముడి వైపా, బావగారి వైపా' అని మాత్రం అడగకండి. 'పిల్లలకు లెక్క చెప్పారా?' అని అడగండి. చెప్పకపోతే ఒక ఆదివారం పరుగయ్యాక పావుగంట కూర్చోబెట్టి చెప్పమనండి. బడిలో నల్లబల్ల ఉంది, సుద్దముక్క ఉంది. పైన నేను రాసిన అంకెలు ఒక పక్క, తన పింఛను పుస్తకంలో ఉన్నవి ఇంకో పక్క రాస్తే చాలు. ఉపన్యాసం అక్కర్లేదు. తర్వాత నలుగురు పిల్లల్ని వరుసగా నిలబెట్టి, 'మీలో ఒకరు ఉంటారు, ముగ్గురు తిరిగి వస్తారు, వచ్చాక ఏం చేస్తారో ఇప్పుడే చెప్పండి' అని అడగమనండి. ఆ మాట విన్నాక కూడా 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరుగెత్తాలని ఉన్నవాడు పరుగెత్తుతాడు. అది వాడి నిర్ణయం. రెండు వర్గాల వాళ్లనూ పిలిస్తే ఇంకా మంచిది, వెనక నిలబడి వింటారు.

మీ అబ్బాయి సంగతీ ఇందులోనే ఉంది. పంతొమ్మిదేళ్ల వాణ్ని మీరు 'పంపడం' ఏమిటి? వాడు వెళతాడు, లేదా ఉంటాడు. మీరు చేయగలిగింది, వెళితే ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకు తిరిగి వచ్చే మనిషికి దారి ఒకటి ఇప్పటి నుంచే వేసి ఉంచడం. డిగ్రీ దూరవిద్యలో చేరడమా, పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్లకు కూడా చదవడమా, పదకొండు లక్షలతో ఏం చేయాలన్న ఆలోచనా, వాడితోనే రాయించండి. ఏమీ రాయలేకపోతే ఇంకా సిద్ధంగా లేడన్నమాట, ఒక ఏడు ఆగవచ్చు. మేనమామ మీద పంతంతో మాత్రం వెళ్లకూడదు. ఆ పంతం శిక్షణ మొదటి వారంలోనే కరిగిపోతుంది.

రాస్తారోకో గురించి మాత్రం నాకు రెండో మాట లేదు. పిల్లలెవరూ వెళ్లకూడదు. మా వీధిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండాలి, గాలి పీలిస్తే 5 పెరగాలి అని వాళ్లమ్మ కుట్టుమిషను టేపుతో రోజూ కొలిచేది. రాత్రి గ్లాసులో శనగలు నానేసేది. పరుగు పాసయ్యాడు, వైద్య పరీక్ష పాసయ్యాడు, రాత పరీక్ష తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. కొవిడ్‌తో రెండేళ్లు భర్తీలు ఆగాయి. తర్వాత అగ్నిపథ్ వచ్చి ఆ పరీక్షే రద్దయింది. 2022 జూన్ 16 రాత్రి స్నేహితులతో నిరసనకు సికింద్రాబాద్ బయలుదేరబోతుంటే వాళ్లమ్మ బూట్లు దాచేసింది. వాడు వెతుక్కుని, అరిచి, ఏడ్చి, చివరికి పడుకున్నాడు. మర్నాడు పొద్దున టీవీలో సికింద్రాబాద్ స్టేషన్‌లో బోగీలు తగలబడుతున్నాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడు ఒకరు చనిపోయారు. అక్కడికి వెళ్లినవాళ్లలో చాలామంది ఈ కుర్రవాడిలాంటివాళ్లే. పరుగూ మెడికలూ పాసై, రాత పరీక్ష దగ్గర ఆగిపోయినవాళ్లు. వాళ్ల కోపం న్యాయమైనది. పడిన కేసులూ నిజమైనవే. రెండు రోజులకే సైనికాధికారులు విలేకరుల సమావేశంలో చెప్పేశారు, నిరసనల్లో, విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ రాసి ఇవ్వాలని, పోలీసుల విచారణ లేకుండా ఎవరినీ తీసుకోమని. మీ తమ్ముడికి రహదారి మీద కూర్చోవాలని ఉంటే కూర్చోమనండి, ఆయన వయసుకు ఏ భర్తీ పరీక్షా లేదు. పద్దెనిమిదేళ్ల వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి తాను వెనక నిలబడితే మాత్రం, అక్కగా మీరు అడ్డం తిరగాలి.

సంతకం అడిగారు. పంచాయతీ తీర్మానం కాగితం మీద పెట్టకండి, అది పని చేయదు, ఊరిని రెండు చేస్తుంది. దాని బదులు తమ్ముడితో ఇంకో కాగితం రాయించండి, మీ ఎంపీ పేరున. నాలుగేళ్లు చేసినవాళ్లకు ఆరోగ్య పథకం వర్తింపజేయాలని, పాతిక శాతాన్ని పెంచాలని, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో వాళ్లకు ఇంత అని చెప్పాలని. దాని మీద మొదటి సంతకం మీది కావచ్చు, రెండోది మీ ఆయనది. మీ బావగారు కూడా పెట్టవచ్చు, అందులో దేశానికి వ్యతిరేకంగా ఏముంది? పెట్టనంటే ఎందుకు పెట్టనన్నారో ఊరంతటికీ అర్థమవుతుంది, మీరు మైకులో చెప్పనక్కర్లేదు. ఈ కాగితం రాసే పని మీద తమ్ముణ్ని ఇంటికి పిలవండి. పని ఉంటే వస్తాడు. ఊరికే 'రా' అంటే రాడు, మగవాళ్ల అలక అలాగే ఉంటుంది. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి వాడి చేతే రాయించండి, దస్తూరి బాగుంటుంది కదా.

ఇక ఆ ఫ్లెక్సీ. మీరు వెళ్లి చింపకండి, కేసవుతుంది. మీ ఆయన్నే వెళ్లమనండి, ఒక్కరే, పగటిపూట. 'అన్నయ్యా, ఫొటో నాది, నన్ను అడగలేదు, దించెయ్' అంటే చాలు. దించాక ఆ గుడ్డ వాళ్ల దగ్గరే వదిలి రావద్దు, ఇంటికి తెచ్చుకోండి. వానాకాలం వస్తే వంటచెరకు మీద కప్పుకోవచ్చు.